లాగ్‌బుక్ గారికి, తమరి 28వ రోజు కాలమ్ గురించి

మహారాజరాజశ్రీ ప్రాక్టికల్ ట్రైనింగ్ లాగ్‌బుక్ గారికి, నిన్న మధ్యాహ్నం తమరి కోసం నాలుగు గంటలు ఆఫీసు వరండాలో కాళ్ళు పీకేలా నిలబడ్డ సివిల్ ఇంజినీరింగ్ స్టూడెంట్ నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. తమరు నా బ్యాగులోనే ఉన్నారు కాబట్టి తమరి క్షేమం నాకు తెలుసు, ఒక మూల మడత పడింది, అంతే.

నిన్న ఏం జరిగిందో తమరు కళ్ళారా చూశారు. అయినా చెప్తా, చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు. కౌంటర్ అవతల ఆయన తమరిని చివరి పేజీ నుంచి మొదటి పేజీకి తిప్పాడు (చదవడానికి కాదులెండి, సంతకాలు లెక్కపెట్టడానికి), 42 రోజులకి 42 ఉన్నాయని తృప్తిపడ్డాడు, సీలు చేతిలోకి తీసుకున్నాడు, సరిగ్గా అప్పుడే ఆయన వేలు కాంక్రీట్ క్యూబుల (కాంక్రీటు బలం పరీక్షించడానికి పోసే దిమ్మల) పేజీ మీద ఆగిపోయింది. 7 రోజుల బలం, రాసుంది. 28 రోజుల బలం, ఖాళీ.

"ఇదేంటి?"

"ఇంకా 28 రోజులు కాలేదండీ. ఎల్లుండికి అవుతాయి."

"గడువు ఇవాళే."

"ఆ సంగతి కాంక్రీటుకి తెలీదు కదండీ."

ఈ చివరి ముక్క అనకుండా ఉండాల్సింది, ఒప్పుకుంటా. సీలు మళ్ళీ ప్యాడ్ మీదకి పోయి పడుకుంది. "7 రోజులది ఉందిగా, లెక్కేసి వేసెయ్. అందరూ అలాగే వేస్తారు. కాలమ్ ఖాళీగా ఉంటే తీసుకోం."

కాస్త లెక్క చూద్దాం లాగ్‌బుక్ గారూ. ట్రైనింగ్ మొత్తం 42 రోజులు. 28 తీసేస్తే 14. అంటే 14వ రోజు దాటాక పోసిన ఏ క్యూబైనా ట్రైనింగ్‌లో 28 రోజులు నిండే ప్రసక్తే లేదు. మా సైట్‌లో మొదటి స్లాబ్ పడిందే 23వ రోజు, అప్పటిదాకా సెంటరింగ్ కట్టడం, కమ్మీలు లెక్కపెట్టడం. ఆ రోజు ఆరు క్యూబులు పోశాం, మూడు 7 రోజులకి, మూడు 28కి. 23కి 28 కలిపితే 51. నిన్న 49. ఈ కూడిక చెయ్యడానికి ఇంజినీరింగ్ అక్కర్లేదు కదా, మరి తమరి పేజీలు డిజైన్ చేసిన పెద్దమనిషి ఎవరో ఆయనకి ఎందుకు తట్టలేదో. పోనీ పాపం తెలీదేమో అనుకుందామంటే ఇదే డిపార్ట్‌మెంట్ ఇదే సిలబస్‌లో మాకు పాఠం చెప్పింది, సిమెంటు ఎండి గట్టిపడదు, నీళ్ళతో కలిసి గట్టిపడుతుంది, అందుకే క్యూబుల్ని నీళ్ళ తొట్టిలో పెడతాం, తొందరపెడితే రాదు అని. పది మార్కుల ప్రశ్న కూడా అది. క్లాసులో తొందరపెట్టకూడదు, ఆఫీసులో తొందరపెట్టొచ్చు.

7 రోజులకి సుమారు మూడింట రెండొంతుల బలం వస్తుందని నాకూ తెలుసు. సుమారు. సిమెంటు రకాన్ని బట్టి, ఎండని బట్టి, క్యూరింగ్‌ని బట్టి అటూ ఇటూ అవుతుంది కాబట్టే కదా 28వ రోజు దాకా ఆగి మెషీన్ కింద పెట్టి పగలగొట్టేది! లెక్కేసి రాస్తే సరిపోయేదానికి ఆ క్యూబులెందుకు, ఆ తొట్టెందుకు, ఆ మెషీనెందుకు? పైగా ఈ సెమిస్టర్‌లోనే మాకు ప్రొఫెషనల్ ఎథిక్స్ అని ఒక పేపరుంది. అందులో దొంగ టెస్ట్ రిపోర్టు తప్పని రాస్తే మార్కులొస్తాయి. నీ దగ్గర దొంగ టెస్ట్ రిపోర్టు రాస్తే సీలు పడుతుంది. ఇంక 'తమరు' నావల్ల కాదు, నువ్వనే అంటా, ఏం చేసుకుంటావో చేసుకో.

చేతిలో గ్రాడ్యుయేషన్ కూడా లేని వాళ్ళకి నువ్వు నేర్పిస్తున్న మొదటి ప్రాక్టికల్ ఇది: పగలగొట్టని క్యూబుకి బలం రాయడం. రేపు ఇదే చెయ్యి ఏదో ఆస్పత్రి స్లాబుకి రిపోర్టు రాస్తుంది. అప్పుడు కూడా కాలమ్ ఖాళీగా ఉంచకూడదనేది గుర్తుంటుంది దానికి, మిగతాది గుర్తుండదు.

నీ సంతకాల సంగతి సరే. 42 రోజుల సంతకాలూ సైట్ ఇంజినీర్ ఒక్కసారే కూర్చుని పెట్టేశాడు, 31వ రోజు దగ్గర పెన్ను అయిపోయింది, అక్కడి నుంచి ఇంకో పెన్ను, ఎవరైనా చూస్తే ఆ రోజు నుంచి ఆయన చేతిరాత మారిందనుకోవాలి. 17వ రోజు నేను ఒళ్ళు మండి "ఈరోజు పని ఏమీ చేయలేదు" అని రాశా. పక్కన వెరీ గుడ్ అని ఉంది.

నీ చుట్టాలు కూడా తక్కువ తినలేదులే. మెడిసిన్ చదివే ఫ్రెండ్ లాగ్‌బుక్‌లో చూశాను, సాయం చేశాను, సొంతంగా చేశాను అని మూడు కాలమ్‌లు, మూడోది నింపకపోతే ఊరుకోరు, నింపాలంటే పేషెంట్ దగ్గరికి పోనివ్వరు. లా చదివే వాడి కోర్టు డైరీ వరసగా పదకొండు రోజులు "వాయిదా పడినది". కనీసం వాడిది నిజం.

అసలు నీ వంశం ఇలాంటిది కాదు. 1906లో అమెరికాలో సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ అనే ఆయన 27 మంది స్టూడెంట్లతో కో-ఆప్ అని మొదలుపెట్టాడు. ఒక వారం క్లాసు, ఒక వారం ఫ్యాక్టరీ, ఇద్దరిద్దరు జోడీ, ఒకడు ఇక్కడుంటే ఇంకొకడు అక్కడ. అంటే ఫ్యాక్టరీలో బుర్ర గోక్కున్న ప్రశ్న వారం తిరక్కుండా క్లాసులో పంతులు ముందుకొచ్చి పడుతుంది, పంతులు తప్పించుకోలేడు. మాకేమో సెలవుల్లో ఆరు వారాలు ఒకేసారి, ఆ ఆరు వారాలూ పాఠం చెప్పేవాళ్ళు సెలవులో ఉంటారు. మధ్యలో మాట మోసుకెళ్ళేది నువ్వొక్కదానివే. నువ్వేమో మూగదానివి.

ఒక్కసారి మాత్రం క్లాసూ సైటూ కలిశాయి, ఆ పూట కూడా నువ్వు నా చేతిలోనే ఉన్నావు. 26వ రోజు, ముందు రాత్రి వాన. పొద్దున స్లంప్ కోన్ (తడి కాంక్రీటు ఎంత జారుగా ఉందో చూసే గరాటు లాంటిది) నింపా, పొరకి కడ్డీతో 25 పోట్లు, పద్ధతి ప్రకారమే, కోన్ పైకి తీయగానే కాంక్రీటు కొంచెం కుంగాల్సింది పోయి మొత్తం చదునుగా కూలబడింది. సిమెంటు అంతే, కంకర అంతే, నీళ్ళు నేనే కొలిచి పోశా. తల పట్టుకుని కూర్చుంటే మేస్త్రి వచ్చాడు. కుప్పలోంచి పిడికెడు ఇసుక తీసి గట్టిగా పిసికి చెయ్యి తెరిచాడు. ముద్ద విడిపోలేదు, అరచెయ్యి తడిగా మెరుస్తోంది.

"ఇంజినీరు గారూ, నీళ్ళు మీరొక్కరే పోశారనుకుంటున్నారు. ఇసుక కూడా పోసింది."

ఇసుకలో తేమ ఎంతుందో చూసి అంత నీళ్ళు తగ్గించే లెక్క నేను పరీక్షలో చేశా, పదికి పది వచ్చాయి. ఆ పది మార్కులూ తెచ్చుకుని, తడి ఇసుక కుప్ప పక్కనే నిలబడి కూడా గుర్తుపట్టలేదు నేను! ఇది రాద్దామని నిన్ను తెరిస్తే నీ దగ్గర చోటేది, రిమార్క్స్ గడి వేలెడంత, అందులో సగం సంతకానికి. "స్లంప్ టెస్ట్ చేయబడినది" అని రాసి ఊరుకున్నా. మేస్త్రి మాట మాత్రం నీ వెనక అట్ట లోపలివైపు పెన్సిల్‌తో రాసుకున్నా, అక్కడ నా బొటనవేలి ముద్ర సిమెంటుతో అలాగే ఉండిపోయింది, గోకినా పోవట్లేదు. నిన్న కౌంటర్లో ఆయన అట్ట దాకా తిప్పలేదు.

రేపటికి 51వ రోజు. తొట్టిలోంచి మూడు క్యూబులూ తీస్తారట, పదింటికల్లా రమ్మని మేస్త్రి ఫోన్ చేశాడు. ఎంతొస్తే అంత రాస్తా, ఆలస్యానికి ఇంటర్నల్స్‌లో ఎన్ని కోస్తారో కోసుకోనీ. నువ్వూ రా. మెషీన్ దగ్గర దుమ్ము ఎక్కువగా ఉంటుంది, కవర్ వేసి తీసుకొస్తాలే.

ఇట్లు,
28 రోజుల గడి ఇంకా ఖాళీగా ఉన్న నీ స్టూడెంట్