రెండు లక్షల పక్షులు, 88 డాలర్లు

ధర చీటీ లేని వస్తువు కనిపిస్తే అర్థశాస్త్రజ్ఞులకు నిద్ర పట్టదు. 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ ఓడ అమెరికాలోని అలాస్కా తీరంలో రాతి దిబ్బనెక్కి, దాదాపు కోటీ పది లక్షల గ్యాలన్ల ముడి చమురును సముద్రంలోకి వదిలింది. చచ్చిన పక్షుల ఖరీదెంతో తేల్చాలి కదా! అలాస్కా ప్రభుత్వం తరఫున పండితులు జనం ఇళ్లకు మనుషుల్ని పంపి, ఇలాంటిది మళ్లీ జరక్కుండా ఇంత పన్ను కడతారా అని అడిగించారు. ఇంటికి 31 డాలర్ల దాకా తేలింది. దేశంలోని ఇళ్లన్నీ లెక్కేస్తే 280 కోట్ల డాలర్లు.

ఓడ నడిపిన చమురు కంపెనీ ఎక్సాన్ ఊరుకుంటుందా? దానికీ పండితులున్నారు. వాళ్లు షాపింగ్ మాల్‌కి వచ్చినవాళ్లను ఆపి, చమురు వ్యర్థాల గుంటల్లో పడి చచ్చే పక్షుల్ని కాపాడటానికి ఎంతిస్తారని అడిగారు. కొందరికి 2 వేల పక్షులన్నారు, కొందరికి 20 వేలు, ఇంకొందరికి 2 లక్షలు. సగటు జవాబులు వరసగా 80, 78, 88 డాలర్లు. అంటే మొదటి గుంపులో పక్షికి 4 సెంట్లు పలికితే, చివరి గుంపులో సెంటులో ఇరవయ్యో వంతు కూడా రాలేదు. మధ్యలో 20 వేల పక్షులైతే ఉన్న ధరలోంచి 2 డాలర్లు పోగొట్టుకున్నాయి. పద్ధతిలో లోపముందని కంపెనీ పండితులు వాదించారు గానీ, నాకు మాత్రం తప్పు పక్షులదే అనిపిస్తుంది. గుంపుగా చావడమేమిటి? రెండేసి వేల చొప్పున, వేర్వేరు గుంటల్లో, వేర్వేరు సర్వేల్లో చచ్చి ఉంటే గిట్టుబాటు ధర వచ్చేది.

ఈ తగువు తీర్చడానికి 1993లో కెన్నెత్ ఆరో, రాబర్ట్ సోలో అనే ఇద్దరు నోబెల్ గ్రహీతల నాయకత్వంలో ఒక కమిటీ నియమాలు చెప్పింది. ఎదురుగా కూర్చుని అడగాలి. ఓటు వేసినట్టు అవును, కాదు అని చెప్పించాలి. ఈ డబ్బు మీ ఇంటి ఖర్చుల్లోంచే పోతుందని గుర్తుచేయాలి. మంచి నియమాలే. అయితే వాటిలో వ్యాపార రహస్యం కూడా ఉంది. ‘ఎంతిస్తారు?’ అని వదిలేస్తే జనం పిసినారులవుతారు. ‘ఇంత ఇస్తారా?’ అంటే మొహమాటానికి తలూపుతారు. ‘ఇది పోతే నష్టపరిహారం ఎంత కావాలి?’ అన్నారా, అంకె ఆకాశంలో ఉంటుంది. ఎవరికి ఏ అంకె కావాలో ఆ ప్రశ్న కొనుక్కోవచ్చు. ఊహల్లోని డబ్బు అత్తసొమ్ము అల్లుడి దానమే గనక ఎవరి చెయ్యీ వణకదు.

ఇంతకీ ప్రభుత్వాలతో ఎక్సాన్ రాజీ 1991లోనే, 90 కోట్ల డాలర్లకు కుదిరిపోయింది. ఆ బేరంలో పక్షుల్ని ఎవరూ లెక్కపెట్టినట్టు లేదు.

కమిటీ మరిచిన నియమం ఒక్కటి నేను చేరుస్తాను. జవాబు రాసుకోగానే సర్వే మనిషి జేబులోంచి కార్డు గీకే మెషీన్ తీసి, ‘పిన్ నొక్కండి సార్’ అనాలి.