ఆ తీర్మానం రాసింది కూడా నేనే

ఇప్పుడే మీటింగ్ నుంచి వచ్చా. అన్నం కూడా తినలా. కాస్త చల్లారాక రాయమని మా ఫ్రెండు చెప్తానే ఉంది. చల్లారితే రాయను, నా సంగతి నాకు తెలుసు.

మా అమ్మ పొదుపు గ్రూపులో పోయినేడు ఒక అవ్వ చనిపోయింది. పదిమంది గ్రూపు తొమ్మిదైంది. ఆ ఖాళీలో నన్ను చేర్చుకోండి అని అడిగా. నాకు 23. బీకాం పాసయ్యా. బడి ఎదురుగా చిన్న రూము చూసుకున్నా. సెకండ్ హ్యాండ్ జిరాక్స్ మిషను, ఒక కంప్యూటరు, అంతా కలిపి 70 వేలు, గ్రూపులో అప్పు తీసుకొని పెట్టుకుందామని. నేనేమన్నా గుడి మాన్యం రాసిమ్మని అడిగానా?

"ఏందిమే, రేపో మాపో పెళ్ళి చేసుకొని పోతావు. నీ కంతు ఎవురు కడతారు?" అనింది లీడరు పెద్దమ్మ. అందరూ నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది. అదీ కాలింది నాకు.

ఆ పైన, "మీ అమ్మ ఉంది కదా, ఒకింటికి ఒకరే" అనింది రెండో లీడరు. ఆ రూలు ఎక్కడ రాసుందో చూపించు అత్తా అన్నా. "అన్నీ రాసుంటాయా" అంట. రాసుండవా? ఆ పుస్తకాలు రాసేదెవరు మరి?

ఇదీ అసలు సంగతి. ఎనిమిదో తరగతి నుంచి ఆ గ్రూపు పుస్తకాలు రాస్తుండేది నేను. ఎవరి పొదుపు ఎంత, ఎవరు లోపలి అప్పు తీసుకొని మూడు నెలలు మొహం చాటేశారు, ఎవరి మొగుడు కంతు డబ్బులు జేబులో వేసుకొని వైన్ షాపుకి పోయాడు, అన్నీ నాకు నోటికొచ్చు. పంచసూత్రాలు పంచసూత్రాలు అని ఆఫీసు గోడ మీద పెద్దక్షరాలతో రాసుంటారు చూడండి. క్రమం తప్పకుండా మీటింగు, పొదుపు, అప్పులివ్వడం, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. మా గ్రూపుకి అయిదో సూత్రం నేనే. జీతం లేదు. పండక్కి ఒక బ్లౌజు పీసు. అది కూడా రెండేళ్ళుగా లేదు.

ఈ రోజు కూడా పెద్దమ్మ చెప్తుంటే నేనే రాశా. "కొత్త సభ్యురాలి విషయం చర్చించి, ప్రస్తుతానికి వద్దని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." నన్ను వద్దన్న తీర్మానం, నా చేతిరాతతోనే, అచ్చుతప్పు ఒక్కటి లేకుండా. ఏకగ్రీవంగా అంట!

పోనీ పెళ్ళయ్యాక అయినా చేర్చుకుంటారా? మా పక్కింటి వదిన కోడలిగా వచ్చి నాలుగేళ్ళు. "మీ అత్త ఉందిగా గ్రూపులో" అన్నారు. ఇక్కడ పెళ్ళి కాలేదని వద్దు, అక్కడ అత్త ఉందని వద్దు. మరి ఆడపిల్ల రూపాయి దాచుకునేది ఎప్పుడు, అత్త చచ్చిపోయాకా? మా గ్రూపులో అందరికంటే చిన్నావిడకి 41 ఏళ్ళు. ఆవిణ్ణి "చిన్నపిల్ల" అంటారు.

ఇంకొకటి చెప్పాలి. లీడరు పెద్దమ్మ సారా ఉద్యమం కథ చెప్పడం మొదలు పెడితే ఆపదు. మా నెల్లూరు జిల్లాలోనే కదా ఆ ఉద్యమం మొదలైన దూబగుంట. రోశమ్మ వాళ్ళు సారా అంగళ్ళు మూయించడం, రాత్రి బడుల్లో ఆడోళ్ళు పలక పట్టడం, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బందు కావడం, ఆ వెనకే రోజుకో రూపాయి దాచుకొని గ్రూపులు కట్టడం. వినీ వినీ నాకు తేదీలతో సహా వచ్చేసింది. ఇవాళ దారిలో లెక్కేసుకున్నా. ఆమెకిప్పుడు 55 దాటాయి. అంటే గ్రూపు కట్టిన రోజుల్లో ఆమెకి ఇరవయ్యో, ఇరవై మూడో. నా వయసు! చంకలో బిడ్డనేసుకొని నెలకి ముప్పై రూపాయలు కట్టింది. అప్పుడు ఆమెని "నీ కంతు ఎవురు కడతార్మే" అని ఎవురైనా నవ్వారా?

ఇప్పుడు కామెంట్లలో "సిస్టర్, ముద్ర లోన్‌కి అప్లై చేయండి" అని రాబోయే అన్నలకి ముందే దండం. చిన్న వ్యాపారాలకని సర్కారు పెట్టిన లోనే కదా, పోయాను నాయనా. యాభై వేల లోపు శిశు, అది దాటితే కిశోర్, హామీ అక్కర్లేదు, అన్నీ ప్రింట్ తీసుకొని మరీ పోయా. టౌన్లో బ్యాంకాయన సిబిల్ చూశాడు, అదే, మనం ఇదివరకు తీసుకున్న అప్పులు ఎట్లా కట్టామో చూసి ఇచ్చే మార్కులు. మైనస్ ఒకటి అంట! చచ్చినా అప్పు చేయకుండా బతికితే సున్నా కూడా ఇవ్వరు, మైనస్. "మీ అమ్మ డ్వాక్రాలో ఉందా? ఆమె పేరు మీద తీస్కోమ్మా, ఈజీగా అయిపోద్ది" అన్నాడు. కరెక్టే. గ్రూపుకైతే పది లక్షల దాకా తాకట్టు అడక్కుండా ఇస్తారు, ఒకరు ఎగ్గొడితే తొమ్మిదిమంది వాళ్ళింటి ముందు కూర్చుంటారు కాబట్టి. ఆ కూర్చునే వాళ్ళే లేకపోతే నీ డిగ్రీ సర్టిఫికెట్టు బజ్జీలకి పనికొస్తుంది.

ఊళ్ళో మూడు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 36 శాతం. ఫోన్లో లోన్ యాప్ వాడు మాత్రం పెళ్ళయిందా, అత్త ఉందా అని ఏమీ అడగడు. ఆ ఒక్క విషయంలో మా పెద్దమ్మల కంటే వాడే నయం. తర్వాత ఫోటోలు మార్ఫింగ్ చేసి చుట్టాలందరికీ పంపుతాడనుకోండి, అది వేరే సంగతి.

సరే, ఇదంతా పక్కన పెడదాం. నా కడుపు మంట అసలు ఇవాళ్టిది కాదు.

మూడేళ్ళ కింద అమ్మ వాటాకి లక్ష వచ్చింది బ్యాంకు లింకేజీలో, అంటే గ్రూపుకి బ్యాంకు ఇచ్చే అప్పులో. ఎందుకోసం అనే చోట "పాడి గేదె" అని రాశా. నేనే రాశా, ఇంకెవరు. (మా మండలంలో పుస్తకాల్లో ఉన్నన్ని గేదెలు నిజంగా ఉంటే పాలు ట్యాంకర్లు కాదు, గూడ్సు రైల్లో పోవాలి.) ఆ గేదె 150 సీసీ. నల్లది. మా అన్నయ్య దాని మీద నెల్లూరు పోయి వస్తుంటాడు, ఉద్యోగం వెతుకుతున్నాడంట, ఇప్పటికీ. అమ్మ నిమ్మతోటల్లో కాయలు కోసి నెలకి మూడు వేల చిల్లర కట్టింది. సైలెన్సరు మార్చడానికి కూడా గ్రూపులోనే రూపాయి వడ్డీకి ఇప్పించింది. అప్పుడు "కంతు ఎవురు కడతారు" అని ఈ పెద్దమ్మలు ఎవరైనా అడిగారా? వాడు గ్రూపులో మెంబరు కూడా కాదు, కాలేడు! కానీ ఆ గ్రూపు నిజంగా ఉపయోగపడింది వాడికే.

నాకు డిగ్రీ ఫీజు కట్టాల్సినప్పుడు మాత్రం "ఈ నెల కంతుంది పాపా" అనింది అమ్మ.

వయసు, పెళ్ళి నాకు ఎప్పుడు అడ్డం రావో తెలుసా? ఏదో పెద్ద సభ ఉందని ఊరికి బస్సు వచ్చినప్పుడు. జెండా ఏ రంగైనా సరే. "తల తక్కువయిందిమే, రాకపోతే వంద ఫైను, అమ్మ బదులు నువ్వు ఎక్కు." రెండుసార్లు ఎక్కా. ఎండలో కూర్చున్నా, పులిహోర పొట్లం, మజ్జిగ ప్యాకెట్టు. అప్పుడు నేను డ్వాక్రా మహిళనే, గ్రూపు ఫోటోలో కూడా ఉన్నా.

వచ్చే నెల మీటింగుకి పోను. పుస్తకం ముట్టను. ఎవరు రాసుకుంటారో రాసుకోనీ. ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.

అమ్మ వచ్చి గడపలో నిలబడింది పుస్తకం పట్టుకొని. పొదుపు కాలమ్ కూడితే రెండొందలు తేడా వస్తోందంట, రేపు బ్యాంకులో చూపించాలంట. నేను పలకలా. పెన్ను కూడా తనే తెచ్చింది.

తేడా ఎక్కడుందో నాకు తెలుసు. లీడరు పెద్దమ్మదే, పోయిన నెలది.