నొప్పి రాగానే ముక్కమనే సలహా: ఎక్కడ తప్పు, ఎందుకు ప్రమాదం

నెలలు నిండిన ఆడపిల్ల ఉన్న ఇళ్లలో ఫోన్ల మీద తిరుగుతున్న సలహా ఒకటుంది. దాని సారం ఇది: నొప్పులు మొదలైన దగ్గర్నుంచి ముక్కుతూనే ఉండాలి. వెల్లకిలా పడుకుని, ఊపిరి బిగబట్టి, పది లెక్కపెట్టేదాకా వదలకూడదు. బిడ్డ దిగకపోతే పైనుంచి పొట్ట నొక్కించుకోవాలి. తొలి కాన్పుకు బిడ్డ వచ్చే దారి దగ్గర కోత తప్పదు. అరగంటలో బిడ్డ రాకపోతే ఆపరేషన్‌కు ఒప్పేసుకోవాలి.

పెద్దవాళ్లు ప్రేమగా చెప్పినట్టే ఉంటుంది కనుక నమ్మబుద్ధేస్తుంది. కానీ ఇందులో ఒక్క మాట కూడా ఉన్నదున్నట్టు పాటించదగ్గది కాదు. పొట్ట నొక్కే సలహా అయితే ప్రాణం మీదికి తెస్తుంది.

మొదటి మాట: నొప్పి రాగానే ముక్కాలట. గర్భాశయ ముఖద్వారం పూర్తిగా, అంటే 10 సెంటీమీటర్లు తెరుచుకునే వరకు ముక్కే పని లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల ప్రకారం నొప్పులు ఊపందుకునే దశ 5 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుంది. అక్కణ్ణుంచి కూడా తొలిచూలు కాన్పుకు 12 గంటల దాకా పట్టొచ్చు. అన్ని గంటలూ ముక్కిన తల్లికి, నిజంగా ముక్కాల్సిన వేళకు ఓపిక మిగలదు. పూర్తిగా తెరుచుకోని ముఖద్వారం బిడ్డ తల కింద నలిగి వాచే ప్రమాదమూ ఉంది. ఆ సమయంలో చేయాల్సింది వేరు: నడవాలి, అలిసినప్పుడు పక్కకు తిరిగి పడుకోవాలి, డాక్టరు వద్దనకపోతే గుక్కగుక్కగా నీళ్లో కొబ్బరినీళ్లో తాగాలి, దాదాపు రెండు గంటలకోసారి మూత్రానికి వెళ్లాలి. నిండిన మూత్రాశయం బిడ్డ తల దిగే దారికి అడ్డం పడుతుంది. చాలామంది మరిచిపోయేది ఇదే.

10 సెంటీమీటర్లు తెరుచుకున్నాక కూడా వెంటనే ముక్కాలని లేదు. తల మెల్లగా తిరుగుతూ కిందికి దిగుతుంది, ఆ పని గర్భసంచి తనంతట తానే చేస్తుంది. తల కటి కండరాల మీదికి వచ్చి ఒత్తినప్పుడు విరేచనానికి వస్తున్నట్టు, ఆపుకోలేనంత ముక్కుడు దానంతటదే వస్తుంది. కాకపోతే బిడ్డ ముఖం తల్లి పొట్ట వైపు తిరిగి ఉంటే ఇదే ఒత్తిడి ముందుగానే తెలియొచ్చు. అందుకే మొదటిసారి ముక్కాలనిపించగానే సిస్టర్‌కు చెప్పి పరీక్ష చేయించుకోవాలి. ఇంకా పూర్తిగా తెరుచుకోలేదంటే, పక్కకు తిరిగి పడుకుని, నోటితో చిన్నచిన్నగా ఊదుతూ ఆ నొప్పిని దాటించాలి. నొప్పి తెలియకుండా వెన్నులో ఎపిడ్యురల్ మందు ఇచ్చి ఉంటే ముక్కాలనే ఒత్తిడి సరిగా తెలియదు. అలాంటప్పుడు బిడ్డ గుండె చప్పుడు బాగున్నంత వరకు పూర్తిగా తెరుచుకున్నాక ఒకటి రెండు గంటలు ఆగి మొదలుపెట్టడమే మేలు.

ఊపిరి బిగబట్టి పది లెక్కపెట్టడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే లేబర్ రూముల్లో ఇప్పటికీ ఎక్కువగా వినపడే అరుపు ఇదే. ఈ దశలో నొప్పి రెండు మూడు నిమిషాలకోసారి వచ్చి, నిమిషం నుంచి నిమిషంన్నర ఉంటుంది. ఎవరూ చెప్పకుండా వదిలేస్తే ఆడమనిషి ఒక్కో నొప్పిలో మూడు నుంచి ఐదుసార్లు, ఒక్కోసారి ఐదారు సెకన్లు మాత్రమే ముక్కుతుంది, మధ్యలో గాలి తీసుకుంటుంది. శరీరం కోరేది అంతే. అంతకు మించి ఊపిరి బిగబడితే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది, మాయకు చేరే ప్రాణవాయువు తగ్గుతుంది, బిడ్డ గుండె చప్పుడు నెమ్మదించొచ్చు. 'అరవకు, బలమంతా పోతుంది' అని కసురుకోవడం కూడా అన్యాయం. ముక్కేటప్పుడు గొంతులోంచి వచ్చే మూలుగు ముక్కుడులో భాగమే. చూసుకోవాల్సింది బలం ఎటు పోతోందన్నది. మొహం ఎర్రబడి, మెడ నరాలు ఉబ్బుతుంటే బలం పైకి పోతోందని అర్థం. గడ్డం కాస్త ఛాతీ వైపు వంచి, దవడ వదులుగా ఉంచి, మలద్వారం వైపుకు కిందికి ముక్కాలి. నొప్పికీ నొప్పికీ మధ్య ఒళ్లంతా వదిలేసి విశ్రాంతి తీసుకోవాలి. మరీ అలిసిపోయినవాళ్లకు, ఎపిడ్యురల్ తీసుకున్నవాళ్లకు పక్కన ఒకరు చెబుతుంటే సాయమే. అందరికీ మొదటి నుంచీ పది లెక్కపెట్టడం మాత్రం అనవసరం.

ముక్కేటప్పుడు కొద్దిగా మలం రావడం మామూలు విషయం, బలం సరిగ్గా వెళ్తోందనడానికి గుర్తు. సిస్టర్ తుడిచేస్తుంది. సిగ్గుతో ముక్కుడు ఆపుకోవద్దు.

నొప్పి వచ్చినప్పుడు బిడ్డ తల కనపడి, నొప్పి తగ్గగానే లోపలికి జారిపోతుంటే భయపడొద్దు. కింది కండరాలు అలాగే కొద్దికొద్దిగా సాగుతాయి. తల ఇక జారకుండా నిలిచి, చుట్టూ మంటగా అనిపించినప్పుడు ముక్కడం ఆపి 'హా, హా' అని ఊదాలి. తల మెల్లగా వస్తేనే చిరుగులు తగ్గుతాయి. పది లెక్కపెట్టి ముక్కించడం వల్ల అసలు నష్టం జరిగేది ఈ ఘడియలోనే.

వెల్లకిలా పడుకోవడం చూసేవాళ్లకు సులువు, కనేవాళ్లకు కాదు. గర్భసంచి బరువు వెనకున్న పెద్ద రక్తనాళం మీద పడి తల్లి రక్తపోటు తగ్గొచ్చు. పక్కకు తిరిగి పై కాలు ఎత్తి పట్టుకోవడం, మోకాళ్లూ చేతుల మీద ఉండటం, గొంతుక్కూర్చోవడం, వీపు ఎత్తి దిండ్లకు ఆనుకోవడం అన్నీ సరైనవే. నిటారుగా ఉన్నవాళ్లకు కోతలు, పరికరాలతో కాన్పులు తక్కువ, రక్తస్రావం మాత్రం కాస్త ఎక్కువ కావచ్చు. అందుకే తల్లికి ఏది హాయిగా ఉంటే అదే భంగిమ.

పైనుంచి పొట్ట నొక్కడం దగ్గర రాజీ లేదు. మోచేత్తో, రెండు చేతులతో, చీర చుట్టి లాగి, ఎలా చేసినా వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని చేయొద్దని స్పష్టంగా చెప్పింది. గర్భసంచి చిట్లొచ్చు, ముఖ్యంగా ముందు సిజేరియన్ కుట్లు ఉన్నవాళ్లకు. చిరుగు మలద్వారం కండరం దాకా పోవచ్చు. బిడ్డ భుజం ఇరుక్కున్నప్పుడు పైనుంచి నొక్కితే అది ఎముక వెనక ఇంకా బిగుసుకుంటుంది. అప్పుడు డాక్టరు చేయించేది వేరు: తల్లి తొడలు పొట్ట మీదికి మడిచి, పొత్తికడుపు కింద ఎముకకు కాస్త పైన నొక్కుతారు. బిడ్డ పుట్టాక గర్భసంచి గట్టిపడాలని పొట్ట మీద రుద్దడమూ వేరు. ఈ మూడూ ఒకటే అనుకోవడం వల్లే ఈ సలహా ఇంతకాలం బతికింది.

దీనితో పాటే వచ్చే మాట, 'నొప్పుల ఇంజెక్షన్ ఒకటి పొడిపిస్తే అయిపోతుంది' అని. ఆ ఇంజెక్షన్ అంటే ఆక్సిటోసిన్, నొప్పులు పెంచే మందు. బిడ్డ పుట్టకముందు దాన్ని కండకు పొడవకూడదు. అవసరమైతే ఆసుపత్రిలో సెలైన్‌లో కలిపి, చుక్కలు లెక్కపెడుతూ, బిడ్డ గుండె చప్పుడు వింటూ మాత్రమే ఎక్కించాలి. అదే మందు 10 యూనిట్లు, బిడ్డ పుట్టాక ఇస్తే రక్తస్రావాన్ని ఆపి తల్లి ప్రాణం కాపాడుతుంది.

తొలి కాన్పుకు కోత తప్పదనడం అబద్ధం. కోత అంటేనే చర్మం, కండరం రెండూ తెగడం. సహజంగా వచ్చే చిరుగు చాలాసార్లు అంతకంటే చిన్నది. బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నప్పుడో, ఫోర్సెప్స్ (బిడ్డ తలను పట్టి లాగే పటకారు లాంటి పరికరం) వేయాల్సి వచ్చినప్పుడో కోత అవసరం కావచ్చు, అదీ మత్తు ఇచ్చి. చిరుగు తగ్గించేందుకు గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డను ముక్కే వేళ కింద అద్ది ఉంచడం మంచి ఉపాయం, ఖర్చు లేనిది.

ఇక అరగంట గడువు. పూర్తిగా తెరుచుకున్నాక బిడ్డ బయటికి రావడానికి తొలి కాన్పులో 3 గంటల వరకు, తర్వాతి కాన్పుల్లో 2 గంటల వరకు మామూలే. ఈ గంటల్లో ప్రతి 5 నిమిషాలకూ బిడ్డ గుండె చప్పుడు వినాలి. అది నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉంటూ, తల కొద్దికొద్దిగానైనా దిగుతూ ఉంటే గడియారం చూసి బెదరక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. ఇలాంటి చోట అరగంట మాట నమ్మిస్తే తల్లికి అక్కర్లేని ఆపరేషన్ జరుగుతుంది.

అయితే ఆలస్యం చేయకూడని వేళలూ ఉన్నాయి. గుండె చప్పుడు 110 కంటే పడిపోయి నొప్పి తగ్గాక కూడా కోలుకోకపోతే, బొడ్డుతాడు ముందుగా జారితే, ఎర్రటి రక్తం ధారగా పోతుంటే, తల్లికి తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్ వస్తే, బాగా ముక్కుతున్నా తల ఏమాత్రం దిగకపోతే, డాక్టరు వాక్యూమ్ (బిడ్డ తలకు కప్పు తగిలించి లాగడం) అన్నా ఆపరేషన్ అన్నా వెంటనే ఒప్పుకోవాలి.