మేరీ జేన్ కెల్లీ ఎవరి బిడ్డ? తేలిపోయిందంటున్న కథకు జవాబు

1888 నవంబర్ 9న లండన్ ఈస్ట్ ఎండ్‌లో, డోర్సెట్ స్ట్రీట్‌ని ఆనుకుని ఉన్న మిల్లర్స్ కోర్టు అనే ఇరుకు సందులో, 13వ నంబరు గదిలో మేరీ జేన్ కెల్లీ హత్యకు గురై కనిపించింది. జాక్ ది రిప్పర్‌గా పేరుపడి, ఎవరన్నది తేలకుండానే పోయిన హంతకుడు చంపిన ఐదుగురు స్త్రీలలో ఆమె చివరిదని ఎక్కువమంది నమ్మకం. క్రైమ్ కథల వీడియోల్లో, పోస్టుల్లో ఆమె జీవితకథ ఒకటి ఎప్పటినుంచో తిరుగుతోంది. ఆ కథ ఇలా ఉంటుంది: ఐర్లండ్‌లోని లిమరిక్‌లో 1863లో పుట్టింది. తండ్రి జాన్ కెల్లీ. చిన్నప్పుడే కుటుంబం వేల్స్‌కి వెళ్లింది. పదహారేళ్లకు డేవిస్ అనే బొగ్గుగని కార్మికుణ్ణి పెళ్లాడింది, గని పేలుడులో అతను పోయాడు. కార్డిఫ్ మీదుగా లండన్ చేరి వ్యభిచారంలోకి దిగింది. కన్నవాళ్లు వెలివేశారు, అంత్యక్రియలకు కూడా రాలేదు. కాగితాలేవీ అంటే, 1922లో డబ్లిన్‌లో కాలిపోయాయంటారు. ఇంకో అడుగు ముందుకేసినవాళ్లు, డీఎన్ఏతో ఆమె అసలు కుటుంబం దొరికిందని కూడా రాస్తున్నారు.

ఇందులో గట్టిగా నిలబడేది ఆమె చావు, దానికి ముందు ఏడాదిన్నర బతుకు. అంతకు ముందుదంతా విన్న మాటే. ఒక్కొక్కటీ చూద్దాం.

"లిమరిక్‌లో పుట్టినట్టు రికార్డు ఉంది." లేదు. ఉన్నది ఒక సాక్ష్యం. చెప్పినవాడు జోసెఫ్ బార్నెట్, బిల్లింగ్స్‌గేట్ చేపల మార్కెట్‌లో హమాలీ. 1887 ఏప్రిల్‌లో ఆమెతో పరిచయమై, 1888 అక్టోబర్ 30 దాకా కలిసి బతికాడు. హత్య జరిగిన మూడో రోజున, నవంబర్ 12న, షోర్‌డిచ్ టౌన్ హాల్‌లో కరోనర్ (అనుమానాస్పద చావులపై విచారణ జరిపే అధికారి) రోడరిక్ మాక్డొనాల్డ్ ముందు నిలబడి, ఆమె తనతో ఎప్పుడెప్పుడో చెప్పుకున్న సంగతులు వరసగా చెప్పాడు. లిమరిక్, వేల్స్, తండ్రి పేరు, అన్నదమ్ములు, పెళ్లి, కార్డిఫ్, ఫ్రాన్స్‌కి వెళ్లి తిరిగి రావడం, అన్నీ అక్కడివే. బార్నెట్ అబద్ధమాడాడని నేను అనడం లేదు. తను ప్రేమించిన మనిషి చెప్పింది గుర్తున్నంత వరకు చెప్పాడు. కానీ ఆమె అన్నదమ్ముల్లో ఒక్కరినైనా అతను కళ్లతో చూడలేదు. ఆ ఊళ్లూ చూడలేదు.

పైగా ఆ విచారణ ఒక్క రోజులో ముగిసిపోయింది. ఇదే హత్యల వరసలో ఎలిజబెత్ స్ట్రైడ్ మీద జరిగిన విచారణ ఐదు రోజులు సాగింది. కెల్లీ విషయంలో ఇంకొన్ని రోజులు విచారణ నడిచి, వేల్స్‌కి ఒక ఉత్తరం రాసి ఉంటే, ఈరోజు మనకు ఇంత గందరగోళం ఉండేది కాదేమో. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

"తండ్రి ఇనుప కర్మాగారంలో ఫోర్‌మన్, కాబట్టి తేలిగ్గా గుర్తుపట్టొచ్చు." ఆ కర్మాగారం ఎక్కడ? కార్నార్వన్ అని ఒకచోట, కార్మార్థెన్ అని ఇంకోచోట. వినడానికి దగ్గరగా ఉన్నా ఈ రెండూ వేల్స్‌లో వేర్వేరు మూలలు. కార్నార్వన్ ఉత్తరాన ఉంది, పలకరాతి గనులకు పేరు. కార్మార్థెన్ జిల్లా నైరుతిలో ఉంది, అక్కడి లనెల్లీ చుట్టుపక్కల ఇనుము, తగరపు రేకుల పని ఉండేది. బార్నెట్ ఏది పలికాడో, రాసుకున్నవాళ్లకు ఏది వినిపించిందో ఎవరూ తేల్చలేరు. ఇక మిల్లర్స్ కోర్టు ఇంటి యజమాని జాన్ మెకార్తీ ఏమన్నాడంటే, ఆమెకు ఐర్లండ్ నుంచి ఉత్తరాలు వచ్చేవట. కుటుంబమంతా వేల్స్‌లో ఉంటే ఐర్లండ్ నుంచి రాసింది ఎవరు? ఆమెను అంతకుముందు ఎరిగినవాళ్లు పత్రికలతో ఇంకో మాట చెప్పారు: ఆమె వేల్స్ మనిషేననీ, తల్లిదండ్రులు కార్డిఫ్‌లో ఉన్నారనీ. మూడు నోళ్లు, మూడు ఊళ్లు. వైరల్ కథ వీటిని కలిపి కుట్టి, కుట్లు కనబడకుండా చేసింది.

మనిషి తన గురించి తాను చెప్పుకున్నదే నిజం కదా అంటారా? స్ట్రైడ్ సంగతి చూడండి. 1878లో థేమ్స్ నదిలో ప్రిన్సెస్ ఆలిస్ అనే పడవ మునిగి ఆరు వందల మందికి పైగా చనిపోయారు. తన భర్త, పిల్లలు అందులోనే పోయారని స్ట్రైడ్ తెలిసినవాళ్లకు చెప్పుకునేది. ఆమె భర్త జాన్ స్ట్రైడ్ చనిపోయింది 1884లో. అది కాగితం మీద ఉంది. ఆమె స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ దగ్గరి టోర్‌స్లాండాలో 1843 నవంబర్ 27న పుట్టిందని కూడా అక్కడి చర్చి పుస్తకాలే చెబుతాయి. ఆమెను నేను తప్పుపట్టను. జాలితో ఎవరైనా నాలుగు డబ్బులిస్తారనో, అసలు గతం చెప్పుకోవడం ఇష్టం లేకనో ఆ కథ అల్లుకుని ఉంటుంది. ఈస్ట్ ఎండ్‌లోని వైట్‌చాపెల్ లాడ్జింగ్ గదుల్లో రోజుకింత కట్టి తలదాచుకునే స్త్రీకి పేరు మార్చుకోవడానికీ, గతం మార్చుకోవడానికీ కారణాలు తక్కువేం కాదు. కెల్లీ కూడా తనను మేరీ జానెట్ అని పిలిపించుకునేది. శవపేటిక మీద పేరు కూడా అదే.

"1922 మంటల్లో రికార్డులు పోయాయి, అందుకే దొరకడం లేదు." ఈ మాట ఎంత నమ్మకంగా తిరుగుతుందో అంత తప్పు. 1922 జూన్ చివర్లో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ దగ్గరి పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడిన మాట నిజం. అందులో 1821 నుంచి 1851 దాకా జనగణన కాగితాలు చాలావరకు పోయాయి. కానీ కెల్లీకి అక్కరకొచ్చే 1861, 1871 జనగణన పత్రాలను ప్రభుత్వమే అంతకు ఎన్నో ఏళ్ల ముందు నాశనం చేసింది. 1881, 1891 పత్రాలు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాగితపు గుజ్జుగా మారాయి. మంటలతో వాటికి సంబంధం లేదు.

ఇంకో సంగతి. ఐర్లండ్‌లో అందరి జననాలనూ ప్రభుత్వం నమోదు చేయడం 1864 జనవరి 1న మొదలైంది. ఆమె వయసు ఇరవై ఐదే అనుకుంటే, పుట్టుక ఆ గీతకు కొంచెం ఇవతలో అవతలో పడుతుంది. మరి దారేది? క్యాథలిక్ చర్చిల బాప్తిస్మ పుస్తకాలు. అవి చాలావరకు ఆయా చర్చిల దగ్గరే ఉండేవి కాబట్టి కాలలేదు. ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం 2015లో వాటి ఫొటోలు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. అక్కడ ఎదురయ్యే చిక్కు కొరత కాదు. కెల్లీ ఐర్లండ్‌లో అతి మామూలు ఇంటిపేర్లలో ఒకటి, మేరీ, జాన్ అయితే ఇంటింటా ఉన్న పేర్లు. జాన్ కెల్లీ కూతురు మేరీ కెల్లీ అని దొరికితే, అది ఈమే అనడానికి ఇంకేదైనా ఆనవాలు ఉండాలి కదా. అది లేకుండానే చాలామంది ఏదో ఒక మేరీని తెచ్చి ఈ కథలో కూర్చోబెడుతున్నారు. ఆ మేరీ పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, ముసలితనంలో మంచం మీద కన్నుమూసి ఉండొచ్చు. ఆమెకూ ఇది అన్యాయమే.

వేల్స్ వైపు సాకు ఇంకా తక్కువ. 1871, 1881 వేల్స్ జనగణన పత్రాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. బార్నెట్ చెప్పినట్టు ఆరేడుగురు కొడుకులు, వాళ్లలో ఒకడు హెన్రీ, ఇనుప పని చేసే ఐరిష్ తండ్రి జాన్: ఇంత గుర్తులున్న ఇల్లు కనబడాలి. దశాబ్దాలుగా ఎంతోమంది వెతికారు. అన్ని గుర్తులూ సరిపోయే ఇల్లు దొరకలేదు. అంటే కథలో ఏదో ఒక ముక్క, బహుశా కెల్లీ అనే పేరే, సరైంది కాకపోవచ్చని నా అభిప్రాయం.

"భర్త గని పేలుడులో చనిపోయాడు, మృతుల జాబితా చూస్తే చాలు." 1880 ఒక్క ఏడాదిలోనే దక్షిణ వేల్స్‌లో రిస్కా గనిలో 120 మంది, పెనిగ్రేగ్ గనిలో 101 మంది పేలుళ్లలో చనిపోయారు. డేవిస్ అక్కడ ఎంత మామూలు ఇంటిపేరంటే, ఏ జాబితా తీసినా ఒకరో ఇద్దరో కనబడతారు. పేరు కలిస్తే చాలదు. ఆమెతో జరిగిన పెళ్లి నమోదు కావాలి, అది చేతికి రాలేదు.

"కుటుంబం సిగ్గుపడి అంత్యక్రియలకు రాలేదు." నాకు బాగా కోపం తెప్పించే మాట ఇది. నవంబర్ 19న లేటన్‌స్టోన్‌లోని సెయింట్ పాట్రిక్ క్యాథలిక్ శ్మశానంలో ఆమెను ఖననం చేసినప్పుడు బంధువులెవరూ లేరు, అంతవరకు నిజం. ఖర్చు భరించింది షోర్‌డిచ్ చర్చి ఉద్యోగి హెన్రీ విల్టన్. అయితే రాకపోవడానికీ వెలివేయడానికీ మధ్య ఎంతో దూరం ఉంది. పేరు మార్చుకున్న కూతురి చావు వార్త పత్రికలో చదివినా, అది తమ బిడ్డేనని తల్లిదండ్రులకు ఎలా తెలుస్తుంది? వాళ్లు అప్పటికే చనిపోయి ఉండొచ్చు, చదువు రానివాళ్లు కావచ్చు. ఇంకెక్కడో ఓ ఇంట్లో ఆమె ఉత్తరం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి ఉండొచ్చు కూడా. తెలియని మనుషుల మీద క్రూరత్వం అంటగట్టే హక్కు మనకెవరిచ్చారు?

"క్యాథరిన్ ఎడోస్ కూడా పోలీసులకు కెల్లీ అనే పేరే చెప్పింది, ఇద్దరికీ ఏదో చుట్టరికం ఉంది." ఎడోస్ ఇదే హంతకుడి చేతిలో చనిపోయిందని చెప్పే ఐదుగురిలో మరొకామె. ఆమె కలిసి బతికిన మనిషి పేరు జాన్ కెల్లీ. అంతే.

అందమైన పాత ఫొటోలు పెట్టి ఇదే మేరీ కెల్లీ అనేవాళ్లకు: ఆమె బతికుండగా తీసినదని రుజువైన ఫొటో ఒక్కటీ లేదు.

చివరిది డీఎన్ఏ. ఆమె తమ వంశపు మనిషేనని ఒక కుటుంబం వైపు నుంచి వాదన వచ్చింది, సమాధి తవ్వి పరీక్షిద్దామన్న ఆలోచనా వచ్చింది. లెస్టర్ విశ్వవిద్యాలయం బృందం, అంటే మూడో రిచర్డ్ రాజు ఎముకలను గుర్తించిన విశ్వవిద్యాలయమే, సాధ్యాసాధ్యాలు పరిశీలించి 2017లో నివేదిక ఇచ్చింది. ఆమెను పాతిపెట్టిన చోటు కచ్చితంగా తెలియదు. ఇప్పుడున్న రాయి తర్వాతి కాలంలో పెట్టింది. ఆ నేలను మళ్లీ మళ్లీ వాడారు. వెతకాలంటే వందల మంది అవశేషాలు కదిలించాల్సి రావచ్చు. అందుకే తవ్వలేదు, పరీక్షా జరగలేదు. అచ్చం ఇలాగే 1888లో స్ట్రైడ్ శవాన్ని చూసి, ఇది నా చెల్లెలు ఎలిజబెత్ వాట్స్ అని మేరీ మాల్కమ్ అనే ఆవిడ ప్రమాణం చేసి చెప్పింది. తర్వాత ఆ చెల్లెలే నడిచొచ్చి, నేను బతికే ఉన్నానని విచారణలో చెప్పింది. ఎదురుగా శవం ఉన్నప్పుడే అంత పొరపాటు జరిగితే, 130 ఏళ్ల తర్వాత ఎముకా లేకుండా, నమోదైన పెళ్లీ లేకుండా ఫలానా ఇంటి బిడ్డేనని ఎవరైనా అంటే, ఆ మనిషిని ముందు కాగితం అడగండి.