ఇయోసిన్‌గారికి ఒక గులాబీ ఫిర్యాదు

మహారాజశ్రీ ఇయోసిన్‌గారి సముఖానికి,

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. మీకున్న జబ్బేమిటో తెలియదుగానీ, సూక్ష్మదర్శిని స్లైడ్లకు వేసే రంగుగా మీ చెయ్యి పడ్డ లోకమంతా గులాబీయే. అస్థిపంజర కండరం గులాబీ. నునుపు కండరం గులాబీ. కండరాన్ని ఎముకకు కట్టే టెండన్ గులాబీ. ఆమ్లంలో నానబెట్టి సున్నం లాగేసిన ఎముకా గులాబీయే. ప్రాక్టికల్ పరీక్షలో ఈ నాలుగు స్లైడ్లనూ వరసగా పెడితే విద్యార్థికి మిగిలేది దైవప్రార్థన.

మీ పేరు గ్రీకుల ఉషోదేవత ఈయోస్ నుంచి వచ్చింది. 1870ల్లో జర్మన్ రసాయనవేత్త హైన్రిక్ కారో మిమ్మల్ని తయారుచేశాడు. తెల్లవారుజామున ఎరుపు అందంగానే ఉంటుంది. రోజంతా తెల్లవారుతూనే ఉంటే ఎలాగండీ?

మీ స్వభావం తెలియనిది కాదు. మీది ఆమ్లరంగు, ఋణావేశం. ధనావేశమున్న ప్రొటీన్ కనబడితే చాలు, వాటేసుకుంటారు. కండరంలోని ఆక్టిన్, మయోసిన్ అయినా, టెండన్‌లోని పోగుల ప్రొటీన్ టైప్ 1 కొల్లాజెన్ అయినా మీకు ఒకటే. ఒకటి లాగేది, ఒకటి లాగించుకునేది అన్న పట్టింపే లేదు.

అందుకే మీ మాట పక్కనపెట్టి న్యూక్లియస్‌లను నీలంగా చూపే మీ భాగస్వామి రంగు హెమటాక్సిలిన్‌ను అడగాల్సి వస్తోంది: న్యూక్లియస్ ఎక్కడుంది? అడ్డుకోతలో అస్థిపంజర కండరం తంతువు 10 నుంచి 100 మైక్రాన్ల మందాన కనబడుతుంది. న్యూక్లియస్‌లు దాని అంచున, పొర కిందే అతుక్కుని ఉంటాయి. గుండె కండరంలో కణం నడుమ ఒకటో రెండో. నునుపు కండరంలోనూ నడుమే, కానీ ఆ కణం కదురు ఆకారంలో ఉంటుంది కాబట్టి కొనల దగ్గర తెగిన ముక్కల్లో న్యూక్లియస్ అసలు దొరకదు. టెండన్‌లో గులాబీ కట్టల లోపల వెతకడం దండగ. చదునైన న్యూక్లియస్‌లు కట్టల మధ్య సందుల్లో ఇరుక్కుని ఉంటాయి. ఈ చిరునామాలు తెలియనివాడు మిమ్మల్ని తిడతాడు. ఆడలేక మద్దెల ఓడన్నమాట నిజమే, కానీ మద్దెల నిజంగా ఓడుగా ఉన్న సందర్భాలూ ఉన్నాయి.

ఉదాహరణకి, చారలు. నిలువుకోతలో అస్థిపంజర కండరానికి అడ్డచారలుండాలి. చారల్లో మళ్లీ మళ్లీ వచ్చే ఒక్కో ముక్క, అంటే సార్కోమియర్, విశ్రాంతిలో రెండు రెండున్నర మైక్రాన్లు. అందులో మయోసిన్ ఉన్న ‘ఎ’ (A) పట్టీ 1.6 మైక్రాన్లు. కండరం ముడుచుకున్నా ఇది తగ్గదు, తగ్గేది పక్కనున్న ‘ఐ’ (I) పట్టీ. ఇంత సున్నితమైన గీతల మీద మీరు ఒక పూట ఎక్కువసేపు కూర్చుంటే అన్నీ కలిసి ఒకే ముద్ద. అప్పుడు 40 రెట్ల లెన్సు పెట్టి, కండెన్సర్ కింద వెలుతురును అదుపుచేసే డయాఫ్రం బాగా మూస్తే తప్ప గీత బయటపడదు. తాజా కండరాన్ని సాగదీసి పుల్లకు కట్టకుండా కణజాలాన్ని చెడకుండా నిలిపే ఫార్మాలిన్‌లో నేరుగా పడేసినవాళ్ల తప్పు కూడా ఉందనుకోండి. అది అక్కడే ముడుచుకుపోయి ఐ పట్టీలను మింగేస్తుంది. ఆ పాపం మీ ఖాతాలో వెయ్యను.

మీ గర్వం అణిచింది మాత్రం హయలిన్ మృదులాస్థి. దాని మాతృకలో, అంటే కణాల మధ్య పదార్థంలో, ప్రొటియోగ్లైకన్ అణువుల్లోని కాండ్రాయిటిన్ సల్ఫేట్ నిండా ఉంటుంది. అదీ ఋణావేశమే, కాబట్టి మిమ్మల్ని గుమ్మంలోంచే పంపేసి హెమటాక్సిలిన్‌ను లోపలికి పిలుస్తుంది. కణాల గుంపు చుట్టూ నీలం ఇంకాస్త చిక్కబడుతుంది. లోపల టైప్ 2 కొల్లాజెన్ లేకపోలేదు, కానీ దాని వక్రీభవన గుణకం చుట్టూ ఉన్న పదార్థానిదే కాబట్టి అంతా గాజులా కనబడుతుంది. మీ కసి మీరు వెన్నుపూసల మధ్య డిస్కులో తీర్చుకుంటారు. అక్కడి ఫైబ్రోకార్టిలేజ్‌లో (పీచు మృదులాస్థిలో) టైప్ 1 కొల్లాజెన్ కట్టలుంటాయి, వరసలు కట్టిన కణాల మధ్య మళ్లీ మీదే రాజ్యం. చెవిదొప్పలోని సాగే మృదులాస్థి దగ్గర మాత్రం మీరిద్దరూ చేతులెత్తేస్తారు. ఎలాస్టిన్ పోగులు స్పష్టంగా చూడాలంటే వెర్‌హాఫ్ రంగో ఆర్సీనో రావాలి.

ఇక ఎముక దగ్గర మీరు చేసేది అచ్చంగా కుట్ర. ఎముకను 3 నుంచి 5 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, ఫార్మాలిన్‌లో పూర్తిగా స్థిరపరచి, ఆ తర్వాతే ఆమ్లంలో వెయ్యాలి. ద్రవం ముక్కకు కనీసం 20 రెట్లుండాలి. ముక్క అడుగున పడుకోకూడదు, వేలాడాలి. ఫార్మిక్ ఆమ్లమైతే కొన్ని రోజులు, కాల్షియాన్ని పట్టి లాగేసే ఈడీటీఏ అయితే వారాలు. తొందరపడి నైట్రిక్ ఆమ్లంలో వేసి మరిచిపోతే న్యూక్లియస్‌ల ఆమ్లాలు కరుగుతాయి, హెమటాక్సిలిన్‌కి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఎముక కణాలైన ఆస్టియోసైట్లు వెలిసిపోతాయి. పోటీ లేని ఎన్నికలో గెలిచినట్టు స్లైడంతా మీరే. సున్నం పోయిందో లేదో సూదితో పొడిచి చూసేవాళ్లున్నారు, వాళ్లు చేసిన చిల్లులు తర్వాత స్లైడులో కుహరాలుగా దర్శనమిస్తాయి. వాడిన ఆమ్లం కొంచెం తీసుకుని, అమోనియాతో తటస్థపరచి, అమ్మోనియం ఆక్సలేట్ కలిపి అరగంట ఆగితే చాలు. మడ్డి కడితే కాల్షియం ఇంకా వస్తోందని, లేకపోతే అయిపోయిందని.

అసలు ఘోరం కీలు మృదులాస్థిది. ఎముకతోపాటు అదీ ఆమ్లంలో నానుతుంది. ప్రొటియోగ్లైకన్ కారిపోతుంది, నీలం పాలిపోతుంది, ఆ ఖాళీలో మీరు దూరతారు. కీళ్లు అరిగే ఆస్టియోఆర్థ్రైటిస్‌లోనూ పైపొర నీలం ఇలాగే తగ్గుతుంది. ఇప్పుడు చెప్పండి, ఆ గులాబీ జబ్బుదా, సీసాదా? అందుకే ఈ పరిశీలనకి ఈడీటీఏను ఎంచుకుని, అదే ద్రవంలో అంతేసేపు నానిన ఆరోగ్యకరమైన ముక్కను పక్కన పెట్టుకోవాలి.

ఒక్కచోట మాత్రం మీకు దండం పెడతాను. పెరిగే ఎముక చివర, పొడవు పెంచే మృదులాస్థి పలక గ్రోత్ ప్లేట్ కింద, సున్నం పట్టిన నీలి మృదులాస్థి దూలం చుట్టూ కొత్త ఎముక పలచటి గులాబీ పూతలా పేరుకుంటుంది. మీరిద్దరూ హద్దులు గుర్తుపెట్టుకున్న చోటు అదొక్కటే.

ఇట్లు,
40 రెట్ల లెన్సు వెనకనుంచి

తా.క.: నీలం తేల్చడానికి వాడిన క్షార జలం సరిగ్గా కడగకుండా మీ గిన్నెలోకి వస్తే మీ పీహెచ్ 5 దాటి మీరే పాలిపోతారు. అప్పుడు ఒకటి రెండు చుక్కల ఎసిటిక్ ఆమ్లం వేయిస్తాను. ఎక్కువ పట్టుకుంటే 70 శాతం ఆల్కహాల్‌లో ముంచుతాను, ఎంతసేపో మాత్రం ముందుగా చెప్పను.