పీకేయకండి, ఒక మూల గోకి చూడండి

చలికి పసుపెక్కిన లాన్‌ను తీసేసి వెంటనే కొత్త గడ్డి పరచమని ఒక వ్యాసంలో రాశారు. అంత తొందర వద్దండీ. మాది నల్లగొండ. నిరుడు సంక్రాంతికి మా ఇంటి ముందు గరిక లాన్ వరిగడ్డిలా అయిపోయింది. టెన్షన్‌తో నర్సరీ అతన్ని పిలిస్తే మొత్తం మార్చాలన్నాడు (అతని బేరం అతనిది). ఒక మూల గోకి చూస్తే మట్టిలోని కాడలు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. అవి మెత్తబడి నల్లబడితేనే ఆశ వదులుకోవాలి.

గరిక వేడిని కోరే గడ్డి. నేల 10 డిగ్రీల దాకా చల్లబడితే పూర్తిగా నిద్రపోతుంది. మన దగ్గర అంత చలి ఎక్కడిది? పెరుగుదల మందగిస్తుంది, అంతే. చలికాలమే కదా అని నేను నీళ్లు కూడా మానేశాను, సగం ఎండింది అందుకే. పైగా జనవరిలో యూరియా చల్లాను. ఎదగని గడ్డి దాన్ని ఏం తీసుకుంటుంది? కలుపు మాత్రం ఏపుగా వచ్చింది. సగం పచ్చబడ్డాకే ఎరువు వేయాలి, అదీ కొద్దిగా.

ఎండ బాగా పడేచోట శివరాత్రి దాటాక పచ్చబడింది. మామిడి చెట్టు కింద మాత్రం ఉగాది వచ్చినా పలచగానే ఉంది. అక్కడ గరిక మానేసి రాళ్లు పరిచేశాం.