సందుగ మీద చాయ్ గ్లాసులు

మా అమ్మమ్మ సారెతో తెచ్చుకున్న టేకు సందుగను మా ఆయన నల్లగొండ తెచ్చి హాల్లో టీపాయ్ చేశారు. ఇప్పుడదే ఫ్యాషనట! మూత పైకి తెరిచే పెట్టె అది. ఒక్క చద్దరు కావాలంటే రిమోటు, పేపర్లు, పూలకుండీ, చాయ్ గ్లాసులు అన్నీ కిందికి దించాలి. దించేసరికి చలే పోతుంది. సోఫాలో కూర్చుంటే కాళ్లు చాపే వీల్లేదు, నేలదాకా చెక్కే కదా. ఇత్తడి గొళ్లెం పోయినోళ్లనీ వచ్చినోళ్లనీ చీర పట్టి ఆపుతుంది. పాలిషాయన పాత రంగంతా గీకేసి తళతళలాడే వార్నిష్ కొట్టి పోయాడు (డబ్బులు మాత్రం గట్టిగానే గుంజాడు). వేడి గ్లాసు పెడితే చాలు, తెల్లటి మచ్చ. మొన్న మిర్యాలగూడ నుంచి వచ్చిన మా ఆడబిడ్డ, "ఏ షాపుల కొన్నరు వదినా, మస్తుంది" అంది.